ఉబ్బిన టైరు

"కొని ఆర్నెల్లు కాలేదు, వారంటీ ఎందుకు రాదు?" టైరు షాపులో మా ఆయన గొంతు చించుకుంటున్నాడు.

"తయారీలో లోపముంటే ఇస్తాం సార్. ఇది ఫుట్‌పాత్ అంచుకి గుద్దుకుని టైరు పక్కభాగం ఉబ్బింది. దీనికి రాదు," అన్నాడు షాపాయన.

మా ఆయన నావైపు తిరిగాడు. "విన్నావా నీ నిర్వాకం? ఇక కారు ముట్టుకోకు."

డ్రైవింగ్ నేర్చుకున్న పాపానికి కారు మీద ఏ గీత పడ్డా నా ఖాతాలోకే. ఒళ్లు మండిపోయి బయటికి నడిచాను.

షాపాయన మా వెనకే వచ్చాడు. "సార్, కారు కాస్త కిందికి దించుతారా? నడిచేవాళ్లకి దారి లేదు."

మా కారు ఎడమ చక్రాలు రెండూ ఫుట్‌పాత్ మీదున్నాయి. పక్కనుంచి పోయే బళ్లు గీకేస్తాయని మా ఆయనెప్పుడూ అలాగే ఎక్కించి పెడతాడు.

మా ఆయన జేబులోంచి తాళాలు తీశాడు.

"తాళాలిలా ఇవ్వండి," అని చెయ్యి చాచాను.