గోడ తట్టిన మనిషి

సంతకాలు పెట్టే అయ్యల్లారా, ఆ కొట్టు గడప మీలో ఒక్కడైనా తొక్కాడా?

తొక్కలేదు. తొక్కి ఉంటే ఈ కథ రాయాల్సిన పనే లేదు.

పట్నంలో గోదావరి గట్టు కింద సందులో వీరవేణి పూతరేకుల కొట్టు పెట్టుకుంటోంది. ఆత్రేయపురం మనిషి. జనం చూస్తుండగానే కుండ మీద రేకు తీసి, నెయ్యి రాసి, చుట్టి చేతికివ్వాలని ఆమె ఆశ. అందుకే బోర్లించిన కుండపొయ్యిని సరిగ్గా షట్టరు పక్కనే పెట్టింది. మంటకి ఎండు కొబ్బరాకు కూడా అక్కడే పోగేసింది.

ఊళ్ళో అయితే పాక కింద తీసేవాళ్ళు. నాలుగువైపులా గాలే. మంట ఎగిస్తే పక్కకి జరగడమే. గోడల మధ్య రేకు తీయడం ఆమెకి ఇదే మొదలు.

లైసెన్సు మాత్రం రావడం లేదు.

శుక్రవారానికి రాకపోతే కొట్టు ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు ఓనరు. మున్సిపల్ ఆఫీసుకి వెళితే “తనిఖీ సారు ఫీల్డుకి వెళ్ళారు” అంటారు. ఏ ఫీల్డో ఎవరికీ తెలియదు. మొక్కజొన్న చేనేమో! కొట్టుకైతే రాలేదు.

వీరవేణికి అన్నం సహించడం లేదు. సందులో ఇస్త్రీ చొక్కా కనిపిస్తే చాలు, సారేమోనని గుమ్మంలోకి పరిగెడుతోంది.

బుధవారం ఒకాయన వచ్చాడు.

తెల్లచొక్కా, చంకలో సంచి. పలకరింపు లేదు. తిన్నగా లోపలికి నడిచి వెనక గోడ దగ్గర ఆగాడు. వేళ్ళ కణుపులతో తట్టాడు. చెవి పెట్టి విన్నాడు.

“ఎవరండీ మీరు?”

“ఇక్కడ ఇంకా తలుపు పెట్టలేదేంటమ్మా?”

లైసెన్సు పని మీద తిరుగుతున్న బ్రోకరు బుజ్జిబాబు పక్కనే ఉన్నాడు. ఆమె చెవిలో ఊదాడు.

“ఆఫీసు మనిషే అక్కా. ముందు ఇలాగే వంకలు పెడతారు. ఓ పెట్టె చేతిలో పెట్టెయ్.”

వీరవేణికి సాయమొచ్చిన అత్త, ఊరి నుంచి తెచ్చిన రేకులతో గబగబా పెట్టె కట్టింది. వీరవేణి రెండు చేతులతో అందించింది.

“బెల్లం రేకులండి బాబుగారూ. ఇంటికి తీసుకెళ్ళి మీ ఆవిడ గారికి పెట్టండి.”

ఆయన పెట్టె వంక చాలాసేపు చూశాడు. ముట్టుకోలేదు.

“వెనక తలుపు పెట్టించుకోమ్మా. అందాకా పొయ్యి వెలిగించకు.”

“గోడ జోలికెళ్తే ఓనరు ఊరుకోడండి.”

“అయితే ఈ కొట్టే వద్దు.”



గురువారం మళ్ళీ వచ్చాడు. మళ్ళీ అదే గోడ. మళ్ళీ అదే చోట తట్టడం.

వీరవేణి ఇక ఆగలేకపోయింది.

“ఏం కావాలో నోరు తెరిచి అడగండి! పెట్టె ఆనలేదా?”

“అది కాదమ్మా, ఇక్కడ మా...”

“తెలుసులెండి! శవాల మీద పేలాలు ఏరుకుతినే బతుకులు!”

ఆయన సంచి సర్దుకున్నాడు. గోడని ఒక్కసారి అరచేత్తో నిమిరాడు. వెళ్ళిపోయాడు.

“బాగా ఇచ్చావక్కా!” అని నవ్వాడు బుజ్జిబాబు.

శుక్రవారం పొద్దున్నే అతను ఆఫీసుకి పరిగెత్తాడు. లైసెన్సు వచ్చేలోగా కుండ కాగనిద్దామని వీరవేణి పొయ్యి రాజేసింది. మొదటి రేకు పల్చగా, చిరగకుండా లేచింది. అత్త కళ్ళకద్దుకుంది.

అప్పుడు గోదావరి మీంచి ఒక్క విసురు గాలి.

రవ్వ ఎగిరి ఆకుపోగులో పడింది. గుమ్మం నిండా మంట.

“వెనక్కి రా అత్తా!”

వెనక ఏముంది? గోడ. పొగలో కళ్ళు కనపడక వీరవేణి ఆ గోడనే రెండు చేతులతో బాదింది. “ఎవరండీ! ఎవరన్నా ఉన్నారా!”

ఎదురు టీకొట్టు బేబి బిందెలతో నీళ్ళు గుమ్మరించింది. సందులోవాళ్ళు ఇసక చల్లారు. మంట చచ్చింది. అత్తాకోడళ్ళు దగ్గుతూ, పాకుతూ బయటపడ్డారు.

“మళ్ళీ అంతపనీ అయ్యేదే తల్లీ!” బేబి ఘొల్లుమంది.

“మళ్ళీ ఏంటి?”

బేబి అటూ ఇటూ చూసింది. “నా బడ్డీ కూడా ఓనరు గారి స్థలంలోదేనే పిల్లా. అందుకే నోరు నొక్కుకున్నాను.” చెవిలో రెండు ముక్కలు చెప్పింది.

మసి కింద వీరవేణి మొహం పాలిపోయింది.

“ఆ గోడ తట్టినాయన ఎక్కడుంటారు?”

“గంగరాజు గారా? నిన్ననే జంగారెడ్డిగూడెం బస్సెక్కేశారు. ‘ఇంక చెప్పే ఓపిక లేదు బేబమ్మా, ఈ సందులోకి రాను’ అన్నారు.”

అంతలో బుజ్జిబాబు వచ్చాడు, కాగితం జెండాలా ఊపుకుంటూ.

“వచ్చేసిందక్కా! కొట్టు తనిఖీ చేశాం, అంతా సక్రమం అని సారు సంతకం కూడా...”

నల్లబడిన గుమ్మం చూసి ఆగిపోయాడు.

వీరవేణి ఆ కాగితం అందుకోలేదు. కాలిన చెయ్యి గోడవైపు చాపింది.

“ఆ సంతకం సారుకే ఇచ్చెయ్. ఓనరుని పిలు, గునపం తే, సారుని ఇప్పుడే ఇక్కడికి తీసుకురా. గంగరాజు గారి భార్య ఇదే కొట్లో మంటల్లో చిక్కుకుని, లోపల్నుంచి బాదీ బాదీ ప్రాణం వదిలిన చోటు అదే. ముందు అక్కడ తలుపు పెట్టించమను, ఆ తరవాతే సంతకం!”