బుధవారం మధ్యాహ్నం వచ్చే మనిషి

మర్దన అయిపోయి లేచాక ఆ మనిషి యున్‌షియా చెయ్యి పట్టుకున్నాడు.

ఆమె పిడికిలి బిగించింది.

అతను ఆమె వేళ్ళు మెల్లగా విప్పి, అరచేతిలో చూపుడువేలితో అటొక గీత, ఇటొక గీత గీయసాగాడు.

"ఏంటిది? చెయ్యి వదలండి."

వదల్లేదు. వేలు కదులుతూనే ఉంది.

ఆమె చెయ్యి లాక్కుని, అతని గుండెల మీద ఒక్క తోపు తోసింది.

"కళ్ళు లేనిది, ఒంటరిది, ఏం చేసినా పడుంటుందనుకున్నారా? ఇంకోసారి ఈ గుమ్మం తొక్కకండి."

అతను మారు మాట్లాడలేదు. తర్వాత తలుపు చప్పుడైంది.

మాట్లాడకపోవడం అతనికి కొత్త కాదు.

లాన్‌ఝౌ నగరంలో నది ఒడ్డు సందులోని ఆ ఒంటిగది మర్దనశాలకు చలికాలమంతా ప్రతి బుధవారం మధ్యాహ్నం వచ్చాడు. వచ్చి బోర్లా పడుకునేవాడు. ఎక్కడ నొప్పో చెప్పేవాడు కాదు.

ఆమే వేళ్ళతో వెతుక్కునేది. వీపు మీద దుప్పటి కప్పి, పిడికిలి వెనకభాగాన్ని భుజాల మీద దొర్లించేది. పుర్రె కింద, 'గాలికొలను' అని పిలిచే గుంటల్లో బొటనవేళ్ళు ఆనించి అదిమేది. రాయిలా ఉన్న భుజాలు కాసేపటికి నానిన పిండిలా వదులయ్యేవి.

"గట్టిగా నొక్కనా?"

జవాబుండదు.

"ఈసారి చలి ముదిరింది కదా?"

దానికీ ఉండదు.

నొప్పి తగిలితే మాత్రం మూలిగేవాడు. 'మూలగడానికి నోరొస్తుంది, గుడ్డిదానితో మాట్లాడ్డానికే రాదు' అని ఆమె మనసు చివుక్కుమనేది.

అయినా ఆ మనిషికి నిద్ర పట్టేది. మిగతావాళ్ళు పని అయిపోగానే చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవారు. అతను పడుకున్నంతసేపూ ఆమె స్టూలు మీద కూర్చుని, ఆ గదిలో తనది కాని ఊపిరిని వినేది.

ఆమె వెళ్ళగొట్టాక వచ్చిన బుధవారం అతను రాలేదు.

ఆమె రేడియో పెట్టకుండా అడుగుల చప్పుడు కోసం విన్నది. ఆ పై బుధవారమూ అంతే. పిలవకుండానే వచ్చే మనిషిని రావద్దన్నది తనే కదా అనుకుంది.

చివరికి గోడ పట్టుకుని పక్కనున్న నూడుల్స్ కొట్టుకు వెళ్ళింది.

"హాన్ అక్కా, బుధవారాలు నా దగ్గరికొచ్చే మనిషి కనిపించాడా?"

"బాయిలర్ల కార్ఖానా గెంగ్ పెద్దాయనా? వెళ్ళిపోయాడుగా. కార్ఖానా మూసేశారు. చెల్లెలి ఊరికి రైలెక్కాడు."

"ఎప్పుడు?"

"ఆఖరిసారి నీ దగ్గరికొచ్చాడే, ఆ సాయంత్రమే. నీ చేతుల వల్లే చలికాలం గట్టెక్కాడట. ఆ మాట నీకు చెప్పి వెళ్తాననే నీ దగ్గరికొచ్చాడు. చెప్పలేదా?"

"నాతో ఏనాడైనా నోరు విప్పితేగా. పొగరు మనిషి."

పిండి సాగదీస్తున్న హాన్ చేతులు ఆగిపోయాయి.

"అదేంటి యున్‌షియా? నీకు తెలుసనుకున్నానే ఇన్నాళ్ళూ."

"ఏం తెలియాలి?"

"ఆయనకి పుట్టుకతోనే చెవులు వినపడవు, మాట రాదు. ఏం చెప్పాలన్నా సైగ చెయ్యాలి, లేదంటే అరచేతిలో వేలితో రాయాలి."