అరగని పూత

ఉంగరం నీలిరంగు నీళ్లలో పడగానే ఫిదెన్సియో గుండె కూడా దాని వెంటే మునిగింది.

"అయ్యో, జారిపోయింది!" అంది అంపారో, తడి చెయ్యి దులుపుకుంటూ.

తివాచీల ఉన్నికి రంగు అద్దగా మిగిలిన నీళ్లు తొట్టి నిండా సిరాలా ఉన్నాయి. అడుగు కనిపించదు. చుట్టూ సగం ఊరు నిలబడి ఉంది. ఓహాకా పట్నంలో చదువుతున్న మనవరాలు సిత్లాలి ఇవాళ అందరి ముందూ ఒక పొడితో, అయస్కాంతంతో ఆ నీళ్లను తేటగా చేసి చూపిస్తానంది. నచ్చితే ఊళ్లో ప్రతి అద్దకం ఇంట్లోనూ ఇదే పద్ధతి. ఇక మురికి ఏట్లోకి పోదు.

"కంగారు పడకు అమ్మమ్మా," అంది సిత్లాలి. "నీళ్లు తేటపడ్డాక అదే కనిపిస్తుంది. నా అయస్కాంతం బంగారాన్ని ముట్టుకోదు."

ఫిదెన్సియో భయం సరిగ్గా అదే.

ఆ ఉంగరం బంగారం కాదు. కుర్రతనంలో బస్సుల షెడ్డులో పనిచేసేటప్పుడు, చేతిలో చిల్లిగవ్వ లేక, ఒక ఇనప నట్టును ఆకురాయితో నున్నగా అరగదీసి, కంసాలి చేత బంగారు పూత పూయించి అంపారో వేలికి తొడిగాడు. మేలిమి బంగారమని మామగారికి ఒట్టేసి మరీ చెప్పాడు. నలభై ఏళ్లయినా ఆ పూత చెక్కుచెదరలేదు. పండగ పండగకీ చర్చిలో ఆ కంసాలి పేరున ఒక కొవ్వొత్తి వెలిగిస్తూనే ఉన్నాడు.

"ముందు భోజనాలు కానిద్దాం," అన్నాడు. "టోర్టియా రొట్టెలు చల్లారిపోతాయి."

"నీకెప్పుడూ తిండి గోలేనయ్యా!" అంది అంపారో.

"పోనీ, చెయ్యి పెట్టి నేనే వెతుకుతాను."

"మోచేతి దాకా నీలంగా తయారైతే మా మేకలు జడుసుకుంటాయి బావా!" అన్నాడు నబోర్. ఆయనది మెస్కాల్ సారా బట్టీ. రసం పిండేసిన కిత్తలి పిప్పి ఆయన దొడ్లో గుట్టలుగా పడి ఉండేది. దాన్నే సిత్లాలి గాలి తగలకుండా మాడ్చి, ఇనుము పట్టించి, కాటుక కన్నా మెత్తటి పొడి చేసి తెచ్చింది. "నా పిప్పి కూడా కాలేజీకి వెళ్లొచ్చింది. మావాడే వెళ్లలేదు!"

సిత్లాలి పొడి చల్లి కలిపింది. నీళ్లు ఇంకా నల్లబడ్డాయి. జనం పెదవి విరిచారు.

"రంగంతా ఆ రేణువులకి అంటుకుంటోంది. కాస్త ఆగండి. అమ్మమ్మా, అయస్కాంతం నువ్వే పట్టుకో. నీ చేత్తోనే మొదలవ్వాలి."

అంపారో రెండడుగులు వెనక్కి వేసింది. చెయ్యి మెడలోని గుడ్డ తాయెత్తు మీదకు పోయింది. పెళ్లయిన కొత్తల్లో, మొక్కు ఉందంటూ పెంచిన టర్కీ కోళ్లన్నీ అమ్మేసి, పట్నం వెళ్లి కట్టించుకొచ్చిన తాయెత్తు అది. ఎవర్నీ ముట్టుకోనివ్వదు.

"నాకొద్దే తల్లీ. మీ తాతకివ్వు. ఇనప సామాను ఆయనకే అలవాటు."

అరచేతంత అయస్కాంతం వచ్చి ఫిదెన్సియో చేతిలో పడింది. ఆయన శిలువ గుర్తు వేసుకుని, నీళ్ల పైపైనే తిప్పాడు. పొడి నల్లటి బొచ్చులా దానికి పట్టుకుంది. సిత్లాలి తుడిచి ఇచ్చింది. మళ్లీ తిప్పాడు. నీలం పలచబడసాగింది.

"అడుగు దాకా పెట్టు తాతా!"

"ఏం బావా, మొసలి గానీ ఉందా అందులో?"

అందరూ గొల్లుమన్నారు. ఫిదెన్సియో కళ్లు మూసుకుని అయస్కాంతాన్ని అడుక్కి దించాడు. ఇప్పుడు టక్కుమంటుంది. ఇప్పుడు ఊరంతా చూస్తుంది. ఇప్పుడు అంపారో...

టక్కుమనలేదు.

కళ్లు తెరిచేసరికి నీళ్లు ఊటబావి నీళ్లలా ఉన్నాయి. అడుగున ఉంగరం పచ్చగా మెరుస్తోంది. చప్పట్లు మోగాయి. "నా పిప్పి! నా పిప్పి!" అంటూ నబోర్ చిందులు వేశాడు. ఫిదెన్సియో మాత్రం అయస్కాంతాన్ని ఉంగరానికి ఆనించాడు. తీశాడు. మళ్లీ ఆనించాడు. ఉంగరం ఉలకలేదు, పలకలేదు.

"మేలిమి బంగారం మరి!" అంది అంపారో, అందరికీ వినపడేలా. "మా ఆయన ఒట్టేసి మరీ తొడిగాడు."

వంగి ఉంగరం తీసుకుంది. వేలికి తొడుక్కుంది. నోరు తెరుచుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసి నవ్వు ఆపుకోలేక గట్టిగా వాటేసుకుంది.

ఆయన చేతిలో మరిచిపోయిన అయస్కాంతం ఒక్క గుంజు గుంజి, ఆమె మెడలోని తాయెత్తుకి, దాని లోపల గుండ్రంగా ఉన్నదానికి, టక్కున అతుక్కుంది.