ఒకటే జవాబు

ముప్పై ఎనిమిది పేపర్లు. ముప్పై ఎనిమిదింటిలోనూ ఆఖరి వాక్యం ఒకటే. ‘ఏడో నంబరు బీము ఆగదు.’

డెసిమల్ సార్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మూడో దశాంశంలో తేడా వచ్చినా అర మార్కు కోసే మనిషి కాబట్టి పిల్లలు పెట్టిన పేరది. ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం వాళ్ళకి భవనాల డిజైను చెబుతాడు. కాపీ అంటే ఆయనకి ఒళ్ళు మంట. అందుకే ఏ లెక్క ఇచ్చినా రోల్ నంబరును బట్టి అంకెలు మార్చి ఇస్తాడు. ఒకరి జవాబు ఇంకొకరికి పనికిరాదు.

ఈసారీ అలాగే ఇచ్చాడు. ఐదంతస్తుల అపార్టుమెంటు ప్లాను. కింద కార్లు తిరగడానికి అడ్డమని ఒక పిల్లరును మొదటి అంతస్తులోనే ఆపేసి, దాని బరువంతా ఏడో నంబరు బీము మీద మోపారు. ఆ బీము చాలుతుందా, చాలదా? ఒక్కొక్కరికి ఒక్కో రకం కాంక్రీటు ఇచ్చాడు. కొందరికి మరీ ఉదారంగా గట్టిదే ఇచ్చాడు. ఇంత చేసినా అందరిదీ ఒకే పాట.

“ఎవరి దగ్గర మొదలైందిది?” అని క్లాసులో అడిగాడు. గుమ్మడికాయల దొంగ అంటే ఎవరైనా భుజాలు తడుముకుంటారేమోనని అన్ని బెంచీలూ కలియజూశాడు. ఎవరూ తడుముకోలేదు.

“మీకెంత వచ్చింది సార్?” అని వెనక నుంచి ఎవరో అడిగారు.

“నా సంగతి నీకెందుకు?” అని కసిరాడు.

కాపీ అని తేలితే చాలు. ఒక్కరు ఒప్పుకుంటే చాలు. రెండు రోజులుగా ఆయనకి అన్నం సహించడం లేదు. పేపర్లు పక్కపక్కన పెట్టి చేతిరాతలు పోల్చాడు, కొట్టివేతలు పోల్చాడు. కొట్టివేతలు కూడా ఎవరివి వాళ్ళవే. దాంతో అనుమానం పోలేదు సరికదా, ఇంకా ముదిరింది. ఇంత శుభ్రంగా కాపీ కొట్టారంటే ఘటికులే అనుకున్నాడు.

చివరికి ఆఖరి రోల్ నంబరు అమ్మాయిని తన గదికి పిలిపించాడు. అందరికంటే గట్టి కాంక్రీటు ఆ పిల్లకే ఇచ్చాడు.

“నీ బీము కూడా ఎలా పోయిందమ్మా?”

“పోయింది సార్.”

“ఎవరిది చూసి రాశావు?”

“ఎవరిదీ చూడలేదు సార్.”

“నిజం చెప్తే మందలించి వదిలేస్తా. చెప్పకపోతే మాల్‌ప్రాక్టీసు కేసు. సంవత్సరం పోతుంది, వచ్చిన ఉద్యోగమూ పోతుంది.”

ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

“చెయ్యని తప్పు ఒప్పుకోమంటే ఎలా సార్? కాయితాలన్నీ మీ దగ్గరే ఉంచుకోండి. బోర్డు మీద మొదట్నుంచి చేసి చూపిస్తా.”

“చెయ్యి.”

చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎక్కడో ఒకచోట తడబడకపోతుందా అని సుద్దముక్క వెంటే చూపు నడిపాడు. మధ్యలో రెండుసార్లు ఆపి, ఇలా ఎందుకు, అలా ఎందుకు కాదు అని నిలదీశాడు. జవాబులు టకటకా వచ్చాయి.

“కాంక్రీటు ఎంత గట్టిదైతే ఏం లాభం సార్? బీములో ఇనుమే తక్కువ” అంది. “ఎందుకు తక్కువో కూడా కనుక్కున్నా. దీనికి నాలుగంతస్తుల బరువే లెక్కేశారు. ముందు నాలుగే అనుకుని, ఓనరు అడిగాడని తర్వాత ఐదోది కలిపినట్టున్నారు. మిగతా పిల్లర్లన్నీ లావు చేశారు గానీ, ఈ ఒక్క బీమునే మర్చిపోయారు.”

డెసిమల్ సార్ బోర్డు దగ్గరికి వెళ్ళి పై నుంచి కింది దాకా వేలు పెట్టి చదివాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. వెతికినంతసేపు వెతికి, కుర్చీలో కూలబడ్డాడు.

“అయితే కాపీ కాదన్నమాట.”

“కాదు సార్. నేనే కాదు, ఎవరూ కొట్టలేదు. ఎన్నిసార్లు చేసినా అదే వస్తుంది.” భయంభయంగా అడిగింది. “కేసు పెడతారా సార్?”

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్ల పేపరు వెతికి, పాతికేళ్ళ ఉద్యోగంలో ఎవరికీ వెయ్యనిది, నూటికి నూరు వేశాడు. అమ్మాయి దణ్ణం పెట్టి, నవ్వూ ఏడుపూ కలిసిన మొహంతో వెళ్ళిపోయింది.

తలుపు పడగానే ఆయన ఫోను అందుకుని కూతురికి చేశాడు.

“అమ్మాయీ, పాపనెత్తుకుని ముందు కిందికి దిగు, దిగుతూ అందరి తలుపులూ కొట్టు, మీ బిల్డింగుకి నేను వేసిన లెక్క తప్పు.”