మూడో పాటకు ముందు

"ఇప్పుడొచ్చేది నీ గొంతే అమ్మమ్మా, విను!" అంటూ కెజియా తన మొదటి ఆల్బమ్‌కి సౌండ్ పెంచింది.

బర్మింగ్‌హామ్‌లోని తన వంటింట్లో అరటికాయ ముక్కలు వేయిస్తున్న మెర్లీన్ మురిసిపోతూ పొయ్యి కట్టేసింది. రెండో పాట అయిపోగానే, నిరుడు తను మనవరాలి ఫోన్‌లో వదిలిన వాయిస్ మెసేజ్ వినిపించింది.

"తల్లీ, తాతయ్య నిన్నే కలవరిస్తున్నాడు. ఒక్కసారి ఆసుపత్రికి రావే."

"ఇది విని స్టూడియోలో ఏడవనివాళ్లు లేరు!" అంది కెజియా.

"మెసేజ్ అందలేదన్నావుగా? తాతయ్య సమాధి దగ్గర నా చెయ్యి పట్టుకుని మరీ చెప్పావు."

కెజియా పాట ఆపేసింది. "ఆ రోజు రికార్డింగ్ ఉంది అమ్మమ్మా... వదులుకుంటే మళ్లీ పిలవరన్నారు."

మెర్లీన్ ఆమెకేసి చూడలేదు.

"పోయేముందు మీ తాతకి నేనూ అదే చెప్పానే. పిల్లకి కబురు అందలేదు, అందుంటే రెక్కలు కట్టుకుని వాలేదని."