చెవికి తాళం

వాయిదాల్లో కొన్న చెవి మిషను పెట్టగానే సౌభాగ్యమ్మకు ఏజెంటు గొంతు గంటలా వినిపించింది. ఎదురుగా కూర్చున్న మొగుడు కోటిలింగం మాట మాత్రం ఒక్కటీ వినపడలేదు. చీరాలలో ఇప్పుడు ఇలాంటివి మామూలే గనక ఏజెంటు కంగారుపడలేదు.

“సారుది వేరే కంపెనీ సిమ్మండి. వాయిదాలు తీరేదాకా ఈ మిషను మా సిమ్ము ఉన్నవాళ్ల మాటే వినిపిస్తుంది. సారు ఫోన్లో మాది రెండో సిమ్ముగా వేయించండి, చాలు.”

కోటిలింగం ఏదో అన్నాడు. ఏజెంటు ఆమె వైపు తిరిగాడు.

“సారు ఫోనూ వాయిదాలదేనటండి. రెండో సిమ్ము వెయ్యనివ్వదట.”

సౌభాగ్యమ్మ వాణ్ణి ఎగాదిగా చూసింది.

“నలభై ఏళ్లు కాపరం చేశాను. నా మొగుడు ఏమన్నాడో నువ్వా నాకు చెప్పేది?”

“వాయిదాలు మూడేళ్లే కదండీ. ఈలోపు సారు మాటలు రాసిచ్చే ప్లాను కూడా ఉంది.”

ఆమె మిషను ఊడదీసి, చీర చెంగుతో చెవి తుడుచుకుని, దాన్ని గడప అవతల వాడి చెప్పుల్లో పడేసింది. ఏజెంటు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. అది వినపడకపోవడం ఆమెకు హాయిగా ఉంది.

కోటిలింగం లేచి వచ్చి, ఆమె చెవి దగ్గర నోరుపెట్టి వీధంతా వినపడేలా అరిచాడు.

“వీణ్ణి పొమ్మననా?”

“ఆ మాట నన్ను అననీ,” అంది సౌభాగ్యమ్మ.