బుల్లయ్య తప్పు చెప్పాడు

"అద్దంకి రాజ్యంగారి మిర్చి టిక్కీలు ఎక్కడున్నయ్? ముందెవరు చెప్తారో చూద్దాం," అన్నాడు కోల్డ్ స్టోరేజీ యజమాని.

కంప్యూటర్ ముందున్న మాధురి ఎక్సెల్‌లో పేరు కొట్టి, సరుకు జాడ వెతకటానికి తాను రాసిన మాక్రో ప్రోగ్రాం నడిపింది. తెర మీద ఇసుక గడియారం తిరిగింది.

రెండో గది, నాలుగో అంతస్తు, గోడవార. ఇరవయ్యేళ్లుగా ఇక్కడి సరుకు చూసుకునే బుల్లయ్యకు అది కళ్లు మూసుకున్నా తెలుసు. అలా ఆయనొక్కడికే తెలియబట్టే మూడేళ్లుగా కంటి ఆపరేషన్‌కైనా యజమాని సెలవివ్వలేదు.

"మూడో గదండీ," అన్నాడు బుల్లయ్య.

"రెండో గది, నాలుగో అంతస్తు," చదివింది మాధురి.

హమాలీ వెళ్లి ఆ బస్తాలు చూసొచ్చాడు. మాధురి చెప్పిందే నిజం.

యజమాని పకపకా నవ్వాడు. "నీ పనైపోయిందయ్యా బుల్లయ్యా! ఫో, ఆ కళ్లేవో చేయించుకో. అమ్మాయ్, ఇక నువ్వు లేందే ఇక్కడ పని జరగదు. సెలవులూ గిలవులూ అడగమాక."

మాధురి మొహం వెలిగిపోయింది.

యజమాని అటు వెళ్లగానే బుల్లయ్య ఆమె దగ్గరికొచ్చాడు. "ఆ మాక్రో ఇంకొకళ్లకి నేర్పమ్మా. ఇయ్యాలే మొదలెట్టు."

"నేర్పేస్తే ఇక్కడ నా విలువేముంటది బాబాయ్?"

"నేనూ అట్టాగే అనుకుని, ఇరవయ్యేళ్లు ఎవరికీ ఏదీ చెప్పలేదమ్మా."